రేవులో అడగకూడని మాట

గుల్లపేటలో సముద్రానికి దిగే మనిషిని ఎవరూ ఏమీ అడగరు. సంతకి పోయేవాణ్ణీ, చుట్టాలింటికి పోయేవాణ్ణీ ఎందాకా అని పలకరిస్తారు. రేవులోకి దిగేవాణ్ణి అదీ అడగరు. పెళ్ళాం గంజి డబ్బా చేతికిచ్చి మొహం పక్కకి తిప్పుకుంటుంది. వాడు "వత్తాను" అంటాడు. పోతాను అనడు. పొరపాటున ఎవరైనా ఎక్కడికి అన్నారంటే, వాడు తెడ్డు కింద పడేసి, ఇసకలో కూలబడి, మంచినీళ్ళు తాగి, ఆ మాట చల్లారిందనిపించాక లేవాలి. ఈలోగా అదను తప్పితే ఆ రోజుకి వేట లేదు. అడిగినవాడికి మాత్రం తిట్లు దండిగా ఉంటాయి.

కొర్లమ్మకి ఇది ఎవరూ నేర్పలేదు. నడక ఎప్పుడొచ్చిందో ఇదీ అప్పుడే వచ్చింది. అందుకే ఆమె రాసిన ప్రోగ్రాము మొదట్లో ఎవర్నీ ఏమీ అడిగేది కాదు. వినేది, అంతే. ఊళ్ళోవాళ్ళు దానికి చెవి అని పేరు పెట్టారు.

అది నల్లగాలి కోసం పుట్టిన చెవి. సముద్రం వేడెక్కిన తర్వాత వచ్చిన గాలి ఇది. తుపాను సంగతి వేరు. దానికి పేరుంటుంది, నాలుగు రోజుల ముందునుంచి టీవీలో తిరుగుతుంది, కలెక్టరాఫీసు జీపు మైకు పెట్టుకుని వస్తుంది. నల్లగాలికి పేరూ లేదు, జీపూ లేదు. ఎసట్లో పోసిన బియ్యం ఉడికేలోపు పుట్టి, గంజి వార్చేలోపు చచ్చిపోతుంది. పైన తిరిగే ఉపగ్రహాలు చూసేసరికి అది ఉండదు. కింద పడవలూ ఉండవు. కొర్లమ్మ అయ్య కామయ్యని అదే తీసుకుపోయింది.

అప్పటికి కొర్లమ్మ విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఎవరివో ప్రోగ్రాములు రాస్తోంది. అయ్య పోయాక అమ్మ దేముడమ్మని చూసుకోడానికి వచ్చి ఇక వెనక్కి పోలేదు. మొగుడు పారాదీప్ రేవులో క్రేను నడుపుతాడు, నెలకోసారి వస్తాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన కిటికీ పక్కన కంప్యూటరు పెట్టుకుని, ఎవరు పని ఇస్తే వాళ్ళకి రాసిపెట్టేది. తమ్ముడు పెంటయ్య, వాడి పెళ్ళాం నూకరత్నం, వాళ్ళ పసిపిల్ల పక్క గదిలో.

ఒకరోజు వహీదా అనే ఆమె ఊళ్ళోకి వచ్చింది. సముద్రం మీద పరిశోధన చేసే మనిషి. నల్లగాలి లేచే ముందు అడుగు నీళ్ళల్లో ఒక రొద పుడుతుందని, అది మనిషి చెవికి అందదని, పరికరాలకి అందుతుందని ఆమె కనిపెట్టింది. ఆ పరికరాలు నీళ్ళమీద తేలే పెద్ద డబ్బాల్లో పెట్టి వదిలితే ఒకటీ మిగల్లేదు. వాటిని వెతుక్కుంటూ వచ్చింది.

"పసుపు రంగు డబ్బాలేటి?" అన్నాడు పెంటయ్య.

"అవునండి. చూశారా?"

"ఒకటి వలకి తగిలింది మేడమ్. మూత కోసేసి మా ఇంటిది నీల్లు పడతంది. నోపల ఏవో వైర్లుంటే పిల్ల ఆడుకుంది."

వహీదా ఆ డబ్బా ముందు చాలాసేపు కూర్చుంది. నూకరత్నం అందులోంచే చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. తాగింది.

అప్పుడే కొర్లమ్మ అంది, "డబ్బాలెందుకు మేడమ్? ప్రతి పడవలోనూ ఫోను ఉంది కదా. దానికి మైకు ఉంది."

అలా మొదలైంది. ఫోనుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పాత లుంగీ గుడ్డ చుట్టి, సైకిల్ ట్యూబుతో తెప్ప లోపలి అడుగుకి బిగించి కట్టేవాళ్ళు. ఫైబరు తెప్ప అడుగు తప్పెటలా ఉంటుంది, నీళ్ళల్లో ఏది కదిలినా దానికి తెలుస్తుంది. రొద ఎలా ఉంటుందో వహీదా చెబితే, దాన్ని మిగతా చప్పుళ్ళలోంచి ఏరడం కొర్లమ్మ ఫోనుకి నేర్పింది. టవరు అందని చోట ఫోనూ ఫోనూ నేరుగా మాట్లాడుకునేలా రాసింది. ఒక తెప్ప నుంచి ఇంకో తెప్పకి, అక్కణ్ణించి ఒడ్డున ఆమె కంప్యూటరుకి. వరసగా తెప్పలుంటే తెర మీద చుక్కలు గవ్వల దండలా కనిపించేవి.

మొదట్లో అది ఊరికే అరిచేది. లంగరు గొలుసుకి అరిచింది, పక్కోడి ఇంజనుకి అరిచింది, పెంటయ్య తెప్పలో కునుకు తీస్తే వాడి గురకకీ అరిచింది. వలలు సగంలో లాక్కుని ఒడ్డుకొచ్చి చూస్తే ఆకాశం అద్దంలా ఉండేది.

"మీ అప్ప ఫోను మా అత్తలాటిది రా," అన్నాడు సింహాద్రి పెంటయ్యతో. ఊళ్ళో పెద్ద వేటగాడు, వేటలో కామయ్యకి జోడీ. "ఊరికే అరుత్తాది. నిజంగా నిప్పంటుకున్నా మరి లెగబుద్ధి కాదు."

ఆ మాట కొర్లమ్మ మనసులో పెట్టుకుంది. ఒక్క ఫోను వింటే అది చప్పుడు. మూడు ఫోన్లు వింటే కబురు. రొద వినబడగానే ఫోను చుట్టుపక్కల తెప్పల్ని 'మీరూ విన్నారా' అని లోలోపల అడుగుతుంది. ఇంకో రెండు అవునంటేనే అరుస్తుంది. లేకపోతే నోరు మూసుకుంటుంది. అలా నియమం పెట్టింది. వహీదా మెచ్చుకుంది. రేవులో ముప్పై పైచిలుకు తెప్పలున్న ఊరికి మూడు ఏం లెక్క.

ఆ ఏడాది మాఘం పోయాక ఒక పొద్దున ఫోన్లన్నీ ఒకేసారి అరిచాయి. ఎండ కాస్తోంది. సింహాద్రి కూడా తిట్టుకుంటూనే వల కోసేసి వచ్చాడు. తెప్పలు ఇసక మీదికి లాగి, ఆఖరివాడు మోకాళ్ళ లోతులో ఉండగా, తూర్పున సముద్రం సిరా ఒలికినట్టు నల్లబడింది. జనం ఒడ్డున నిలబడి చూశారు. గాలి పోయాక సింహాద్రి తెప్ప నుంచి చెయ్యి పొడుగున్న వంజరం చేప తెచ్చి కొర్లమ్మ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఒరిస్సా హద్దు దాకా ప్రతి పల్లె నుంచీ మనుషులొచ్చి చెవిని ఫోన్లలోకి ఎక్కించుకుని పోయారు.

*

అలా నేరుగా ఎక్కించుకోవడం అప్పట్లో కుదిరేది. వేసవిలో ఫోన్లన్నిటికీ ఒక మార్పు వచ్చింది. మీ భద్రత కోసం, అని రాసి ఉంది. ఇక మీదట, ఫోన్లలోకి ప్రోగ్రాములు ఇచ్చే కంపెనీ అంగడి ముద్ర ఉన్నవే నడుస్తాయి. అన్ని ఫోన్లకీ అంగడి ఒక్కటే. తెల్లారేసరికి చెవి ఏ ఫోనులోనూ లేదు. అది ఉన్నచోట ఖాళీ గడి ఉంది.

కొర్లమ్మ అంగడికి పంపింది. తిరిగొచ్చింది. తెర ఆరిపోయి ఉన్నప్పుడు మైకు ఎందుకు వింటోంది, అన్నారు. సముద్రం వినడానికి, అని రాసింది. కారణం సరిపోదన్నారు. పేజీలకి పేజీలు రాసి, వహీదా సంతకం పెట్టించి పంపితే ఒప్పుకున్నారు. తర్వాత, ఫోనూ ఫోనూ మా కంటబడకుండా ఎందుకు మాట్లాడుకుంటున్నాయి, అన్నారు. అక్కడ టవరు లేదు, అని రాసింది. టవరు ఉన్నచోట వాడమని మనుషులకి చెప్పండి, అని జవాబు వచ్చింది.

దేముడమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తూ అడిగింది, "ఎవులే ఆ అంగడోలు? మన ఊరొచ్చి సూసినారేటి?"

"లేదమ్మా."

"మరేటి సూసి కాదంటన్నారు?"

"రూలు చూసి."

"దాన్ని సముద్రంలోకి తోలుకెల్లి సూపించనేపోయినావా?"

కొర్లమ్మకి నవ్వొచ్చింది. చాన్నాళ్ళకి.

అదీ ఒప్పుకున్నాక మూడోది వచ్చింది. మనిషి ఎక్కడున్నాడో తెలిసే ప్రతి ప్రోగ్రామూ, ఆ మనిషి బయలుదేరిన ప్రతిసారీ, అతని భాషలోనే, పైకి వినబడేలా రెండు ప్రశ్నలు అడగాలి. జవాబు చెబితేనే తెరుచుకోవాలి. ప్రశ్నలు అంగడివాళ్ళే తెలుగులో రాసి పంపారు. ఒక అక్షరం మార్చకూడదు. మీరు ఎక్కడికి వెళుతున్నారు? ఎప్పుడు తిరిగి వస్తారు?

కొర్లమ్మ ఆ రెండు వాక్యాల్నీ చూస్తూ కూర్చుంది. అన్నానికి రమ్మని నూకరత్నం పిలిచినా లేవలేదు.

ఇది మా దగ్గర అడగకూడదు, అని రాసింది. అడిగితే మనుషులు ఫోను ఇంట్లో వదిలేసి పోతారు, అని రాసింది. ఎన్నిసార్లు రాసినా ఒకటే జవాబు, కింద ఒకటే సంతకం: మీ ప్రయాణంలో మీకు తోడుగా. ఆఖరికి వహీదా ఎవరినో పట్టుకుని, వాళ్ళు ఇంకెవరినో పట్టుకుని, అంగడిలో ఒక మనిషి ఫోను చేసేలా చేశారు. శ్రీకర్ అని చెప్పాడు. మెత్తటి గొంతు.

"మేడమ్, మీ ఫైలంతా చదివాను. చాలా మంచి ప్రోగ్రామ్. ఆ ఒక్క స్క్రీన్ పెట్టేస్తే ఈరోజే ఇచ్చేస్తాం."

"అది పెడితే ఎవరూ వాడరండి. సముద్రానికి దిగేవాణ్ణి ఎక్కడికని అడగరు మా వైపు."

"మాదీ నర్సీపట్నం దగ్గరే మేడమ్. మా నాన్న బస్సుకి బయల్దేరినప్పుడు నేను ఒకసారి అలా అడిగాను. నాయనమ్మ వీపు మీద ఒకటిచ్చి, నాన్నని మళ్ళీ లోపలికి పిలిచి నీళ్ళిచ్చింది."

"అయితే మీకు తెలుసు."

"తెలుసు మేడమ్. తెలుసని రాయడానికి నా దగ్గర గడి లేదు. అడుగుతోందా, లేదా, ఈ రెండే ఉన్నాయి."

"పోనీ నోటితో అడక్కుండా తెర మీద చూపిస్తే?"

"చదువురానివాళ్ళ కోసమే పైకి అడగాలని పెట్టారు మేడమ్. చిన్నపిల్లల్ని ఎవరో ఎత్తుకుపోయిన కేసు ఒకటి ఏదో దేశంలో జరిగింది. దాంతో అన్ని దేశాలకీ."

"మీ అంగడి వాతావరణం యాప్ ఉంది. దానికీ మనిషి ఎక్కడున్నాడో తెలుసు. అది ఎవర్నీ అడగదే?"

"అది మాది మేడమ్," అన్నాడు శ్రీకర్. ఆ మాట అన్నందుకు అతనికీ బాగా లేనట్టుంది. "క్షమించండి" అని పెట్టేశాడు.

చెవి లేకుండా తెప్పలు దిగుతూనే ఉన్నాయి. గాలుల కాలం దగ్గరపడింది. దక్షిణాన ఏదో పల్లెలో ఒక తెప్ప పోయిందని కబురొచ్చింది.

"పెట్టెయ్ కొర్లమ్మా," అంది వహీదా. "ఒక మాట కోసం ప్రాణాలు వదులుకుంటారా? నాలుగు రోజులు గొణుక్కుంటారు, తర్వాత అలవాటు పడతారు."

అలవాటు పడరని కొర్లమ్మకి తెలుసు. వహీదా మాట వింటే పడతారేమో అనిపించింది. అనిపించనిచ్చింది. ఆ రెండు ప్రశ్నలూ పెట్టి పంపింది. మధ్యాహ్నానికల్లా ముద్ర పడి వచ్చింది.

*

మర్నాడు తెల్లారగట్ల రేవులో అందరూ ఫోన్లు కట్టుకున్నారు. చెవి తిరిగొచ్చిందని సంబరంగానే ఉన్నారు. మొదటి తెప్ప నీళ్ళకి తగిలింది. లుంగీ గుడ్డలోంచి ఒక ఆడగొంతు, తేనె పూసినట్టు, "మీరు ఎక్కడికి వెళుతున్నారు?" అంది.

తెప్ప తోస్తున్నవాళ్ళు ఆగిపోయారు.

పక్క తెప్ప అడిగింది. ఆ పక్కది అడిగింది. రేవు పొడుగునా ఆ గొంతే, ఒకదాని మీద ఒకటి, ఎక్కడికి, ఎప్పుడు తిరిగి, ఎక్కడికి. ఒడ్డున గంపలు పట్టుకున్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు.

"ఎవుల్దిరా ఆ నోరు?" అన్నాడు సింహాద్రి.

"ఫోను మావా," అన్నాడు పెంటయ్య.

"మనం సెవి గదా అడిగినాం. నోరెవుడు పెట్టమన్నాడు?"

అందరూ తెడ్లు పడేసి ఇసకలో కూర్చున్నారు. నీళ్ళ సీసాలు చేతులు మారాయి. కొర్లమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పింది. అది మనిషి కాదు, నోటికొచ్చింది చెప్పండి, ఊరుకుంటుంది. ఎవరూ ఆమె మీద కోప్పడలేదు. అదే ఆమెకి భయమేసింది. వాళ్ళు నీళ్ళు తాగి సముద్రం వైపే చూస్తూ కూర్చున్నారు. అదను పోయింది.

మర్నాడు సగం ఫోన్లు ఇళ్ళల్లో ఉన్నాయి. బయల్దేరేముందు ఇంట్లోనే జవాబు చెప్పేసి పట్టుకెళ్ళండి అని కొర్లమ్మ చెప్పి చూసింది. ఫోను నీళ్ళమీద కదలగానే మళ్ళీ అడిగేది. దూదితో మూసి చూశారు. జవాబు వినబడక మూసుకుపోయేది. వారం తిరిగేసరికి వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది మిగిలారు.

కొర్లమ్మ ఇల్లిల్లూ తిరిగింది. సింహాద్రి పెళ్ళాం అప్పలనరసమ్మ పీట వేసి, టీ ఇచ్చి, మరీ చెప్పింది.

"నువ్వు సదువుకున్నావు, నాకు తెల్దు. మీ మావ దిగీటప్పుడు ఆ మాట నా సెవిన పడితే పొద్దల్లా నాకు కూడు దిగదు. గాలికి పోతే సముద్రం తీసుకుందనుకుంతాను. ఆ మాటకి పోతే నా గుమ్మంలోంచే పోయింది అనుకుంతాను. రెండోది నాను బరించలేను తల్లీ."

కొర్లమ్మ టీ తాగి వచ్చేసింది. ఆ రోజే అంగడికి మళ్ళీ రాసింది. మీ అభ్యర్థన వరుసలో ఉంది, అని వచ్చింది.

మిగిలినవాళ్ళూ ఒక్కొక్కరే మానేస్తున్నా పెంటయ్య మాత్రం ఫోను మానలేదు. ఒంటరిగా పోయే చిన్న తెప్ప వాడిది, కాదనే జోడీ లేదు. నూకరత్నం ఎన్నోసార్లు ఏడ్చింది.

"నాకు ముందు ఇద్దరు పుట్టి పోయినారని అమ్మ నన్ను పెంట మీద పడీసి తెచ్చుకుంది," అనేవాడు. "సావు నన్ను సూసి ముక్కు మూసుకుని పోతాది. ఈ ఫోనేటి సేత్తాది?"

రేవులో అందరూ నవ్వడానికని దానితో పరాచికాలాడేవాడు.

"మీరు ఎక్కడికి వెళుతున్నారు?"

"మీ అత్తోరింటికి."

"ఎప్పుడు తిరిగి వస్తారు?"

"నువ్వు రమ్మంటే ఇప్పుడే."

"సమయం అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి."

"సాయంత్రం."

"ధన్యవాదాలు. క్షేమంగా వెళ్ళి రండి."

జనం నవ్వేవాళ్ళు. సింహాద్రి నవ్వేవాడు కాదు. ఆ కాసేపూ సముద్రం వైపు తిరిగి నిలబడేవాడు.

ఒకరోజు కొర్లమ్మ తమ్ముణ్ణి పక్కకి పిలిచింది. "నువ్వొక్కడివి కట్టుకుంటే లాభం లేదురా. ఇంకో రెండు ఉండాల."

"నాను మానేత్తే ఇంకెవుడు కడతాడప్పా? నన్ను సూసి రేపు ఇద్దరు కడతారు. సొంత తమ్ముడే పారేసినాడంటే నీ మొకం ఏటవుద్ది?"

ఆమె ఇంట్లోకి వచ్చి, మూడు అన్నచోట ఒకటి అని మార్చి అంగడికి పంపింది. చిన్న మార్పయినా ముద్ర పడందే ఫోన్లలోకి పోదు. వరుసలో ఉంది, అని వచ్చింది.

*

గాలి వచ్చిన రోజు పొద్దున తెల్లటి ఎండ. కొర్లమ్మ అమ్మతో కలిసి వాకిట్లో చేపలు కడుగుతోంది. లోపల తెర మీద పొద్దున్నే పెంటయ్య ఫోను చుక్క కనిపించి, ఒడ్డుకి అందనంత దూరమై, ఆరిపోయింది. ఇంకో ఫోను ఎక్కడో దక్షిణాన రాళ్ళ దగ్గరుంది. రెంటికీ మధ్య ఏమీ లేదు. గవ్వల దండ తెగి చాన్నాళ్ళయింది.

ముందు కాకులు ఇంటి చూరు కిందికి వచ్చాయి. తర్వాత వెలుగు పోయింది. దేముడమ్మ చేతిలో చేప అలాగే పట్టుకుని లేచి నిలబడింది. ఊరంతా రేవుకి పరిగెత్తింది. అక్కడ చేసేదేమీ లేదు. నిలబడ్డారు.

గాలి పోయాక తెప్పలు ఒకటొకటిగా వచ్చాయి. కొన్ని ఇంజన్ల మీద, కొన్ని తెడ్ల మీద. కొందరు ఈదుకుంటూ వచ్చారు. చీకటి పడేసరికి ఎవరు రాలేదో తెలిసిపోయింది. అంగడివాళ్ళ వాతావరణం యాప్, ఈదురుగాలులు వీచే అవకాశం, అని అప్పుడు చెప్పింది.

మర్నాడు ఒక మరబోటు సింహాద్రిని తెచ్చి దింపింది. డీజిల్ డబ్బాని కావలించుకుని తేలుతుంటే చూశారట. జోడీగా పోయిన అల్లుడు లేడు. నూకరత్నం పిల్లని చంకనేసుకుని ఆయన ముందు నిలబడింది. ఏమీ అడగలేదు.

"పెంటడు నా కంటికి ఆనేంత దూరంలోనే ఉన్నాడు," అన్నాడు సింహాద్రి. పెదాలు ఉప్పుకి పగిలి ఉన్నాయి. "ఆడి ఫోను అరిత్తే ఆడు సెయ్యి ఊపీవోడు. అరవనేదు. ఆడు వల లాగుతానే ఉన్నాడు."

అరవలేదట, అన్న మాట ఊరంతా పాకింది. అడగకూడనప్పుడు నోరు, అరవాల్సినప్పుడు మూగ, అన్నారు. కొర్లమ్మ వినేటట్టే అన్నారు. సింహాద్రి ఇంటి ముందునుంచి పోతుంటే అప్పలనరసమ్మ తలుపు వేసుకుంది. లోపల కూతురి ఏడుపు వినబడుతోంది.

తెప్ప ఉత్తరాన రెండు పల్లెలవతల బోర్లా పడి దొరికింది. మనిషి దొరకలేదు. ఫోను సైకిల్ ట్యూబుతో కట్టినది కట్టినట్టే ఉంది. పెంటయ్య ముడి వేస్తే ఊడదు, కత్తితో కోసి తెచ్చారు.

*

ఇంటి మధ్యగదిలో ముగ్గురు ఆడవాళ్ళు కూర్చున్నారు. గోడవార పెంటయ్య తెడ్డు, ఉతికిన లుంగీ ఉన్నాయి. ముందు ఫోను ఛార్జింగులో ఉంది.

"విన్నాదో లేదో తెలియాల వొదినా," అంది నూకరత్నం. "విన్నాక ఎందుకు సెప్పనేదో తెలియాల. నాకు ఇంకేటీ వద్దు."

కొర్లమ్మకీ అదే కావాలి. అదే వద్దు కూడా. అంగడి పెట్టిన కొత్త పద్ధతిలో ఫోను విన్నదంతా ఆ ఫోనులోనే ఉంటుంది, ఆ ప్రోగ్రాము తెరిస్తేనే కనిపిస్తుంది. ఇంకో దారి లేదు.

వేలు పెట్టింది.

"మీరు ఎక్కడికి వెళుతున్నారు?" అంది గొంతు.

గది మూల పడుకున్న పిల్ల కదిలింది. ఫోను కాసేపు చూసి మళ్ళీ అడిగింది.

"దాని నోరు ముయ్యండే," అంది దేముడమ్మ.

"మూస్తే తెరుచుకోదమ్మా. చెప్పాలి."

నూకరత్నం తల ఎత్తింది. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. "నువ్వు రాసిందే గదా వొదినా. నువ్వే సెప్పు."

కొర్లమ్మ ఫోనుని దగ్గరికి తీసుకుంది. "సముద్రానికి," అంది.

"ఎప్పుడు తిరిగి వస్తారు?"

వాకిట్లో ఎండుచేపల మీద కాకి వాలింది, తోలేవాళ్ళు లేరు.

"ఎప్పుడు తిరిగి వస్తారు?"

"రాడని మాత్రం అనకే," అంది దేముడమ్మ, ఎవరికో వినబడుతుందన్నట్టు చిన్నగా. "ఆ మాట ఇంట్లో అనకూడదు."

"వస్తాడు," అంది కొర్లమ్మ.

"సమయం అర్థం కాలేదు. దయచేసి మళ్ళీ చెప్పండి."

కొర్లమ్మకి వేరే మాట నోటికి రాలేదు. వాడు రోజూ చెప్పేదే వచ్చింది.

"సాయంత్రం."

"ధన్యవాదాలు. క్షేమంగా వెళ్ళి రండి."

తెరుచుకుంది. కొర్లమ్మ చదివింది. మొదటి వరసలోనే ఉంది. మళ్ళీ చదివింది. తన చేత్తో రాసిన నియమం, తను రాసినట్టే నడిచింది.

"విన్నాదా?" అంది నూకరత్నం.

"వింది."

"గాలికి ముందేనా?"

"చాలా ముందే. వల కోసేసి వచ్చేసేంత ముందు."

"మరి?"

"పక్క తెప్పల్ని అడిగింది. మీరూ విన్నారా అని."

"ఏటన్నారు?"

కొర్లమ్మ ఫోను కింద పెట్టింది. "అడుగుతానే ఉంది రత్నం. ఆఖరుదాకా అడిగింది. ఎవరూ లేరు."

నూకరత్నం ఇంకేమీ అడగలేదు. తిట్టలేదు, మీద పడలేదు. ఫోనుని తీసి కొంగుతో తుడిచి, తెడ్డు పక్కన లుంగీ మడతలో పెట్టింది. ఆ మధ్యాహ్నం వహీదా ఫోను చేసింది, కొర్లమ్మ ఎత్తలేదు. అంగడి నుంచి ఒక కబురు వచ్చింది. మీరు పంపిన మార్పు పరిశీలనలోకి తీసుకున్నాం.

ఎండ వాలింది. నూకరత్నం లేచి మొహం కడుక్కుంది. తల దువ్వుకుంది. పిల్లని దేముడమ్మ ఒళ్ళో పెట్టి, రోజూ సాయంత్రం పెంటయ్య తెప్పకి ఎదురెళ్ళేటప్పుడు పట్టుకుపోయే చేపల గంప మూలనుంచి తీసి చంకన పెట్టుకుంది. దేముడమ్మ పిల్లవైపు చూస్తూ కూర్చుంది. కొర్లమ్మ గుమ్మంలోంచి పక్కకి జరిగింది.

వీధి పొడుగునా అరుగుల మీద జనం ఉన్నారు. గంప పట్టుకుని రేవు వైపు పోతున్న మనిషిని అందరూ చూశారు. సింహాద్రి కూడా చూశాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.